ఫోన్ బూత్‌లో పెన్సిల్ రాత

1982 ఆగస్టు, నెబ్రాస్కా

రోజంతా మొక్కజొన్న చేల మధ్య బైక్ నడిపానేమో, పడుకున్నా నేల ఇంకా కదులుతున్నట్టే ఉంది. మోటెళ్ళ ఖర్చు మా వల్ల కాదు. అందుకే మూర్తీ నేనూ ఏ ఊరొచ్చినా ఫోన్ బూత్‌లో డైరెక్టరీ తెరిచి, రావులో రెడ్లో దొరికితే ఫోన్ చేస్తాం. ఇక్కడ ఒకే ఒక్క రావు. ఆ పేరు పక్కన పెన్సిల్‌తో, తెలుగులో, "మంచివాళ్ళు. మొహమాటపడకండి" అని ఉంది. మాకంటే ముందొచ్చిన మనవాళ్ళెవరో రాశారనుకున్నాం.

ఫోన్ తీసిన రావుగారి భార్య మా పేర్లయినా అడగలేదు. "ఎంతమంది బాబూ? కుక్కర్ పెట్టేస్తున్నాను, వచ్చేయండి" అన్నారు.

భోజనాల దగ్గర ఆవకాయ సీసా మీద చీటీ. "కొత్తది" అని పెన్సిల్ రాత. బూత్‌లో చూసిన అవే గుండ్రటి అక్షరాలు.

"ఈ వేసవిలో మీరు నాలుగో జట్టు. మా నంబరు ఎలా దొరుకుతుందో" అన్నారు రావుగారు. మూర్తి చెప్పబోతే కాలు తొక్కాను. ఆవిడ తలెత్తకుండా నాకు ఇంకాస్త అన్నం వడ్డించారు.

మూర్తికింకా తెలీదు. పాపం ఆవిడకి శ్రమ, పొద్దున్నే వెళ్ళి ఆ రాత చెరిపేద్దామంటున్నాడు.

అసలే సగం మాసిపోయింది. నేను దిద్ది వస్తాను.