నీలం ట్రాక్టర్ వద్దన్నా

వడోద్, సూరత్
12 ఆగస్టు 2021, గురువారం

లింగం అన్నకు,

ఈరోజు లేవగానే ఒక వింత చూశాను. బాపు నాకంటే ముందే లేచి, కిటికీకి అద్దం ఆనించుకుని గడ్డం గీసుకుంటున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక తనంతట తాను గీసుకోవడం ఇదే మొదటిసారి. ఒక చెంప గీసి ఆగాడు. గోడకు చెయ్యి ఆనించి ఊపిరి తీసుకున్నాడు. తర్వాత రెండో చెంప గీశాడు. అవ్వ పొయ్యి దగ్గర నుంచి చూసి ముఖం అటు తిప్పుకుంది.

అక్కడ నువ్వు, వదిన, చిన్నది బాగున్నారని అనుకుంటున్నాను. ఇక్కడ అవ్వ, నేను బాగున్నాం. ఆ మాటలో బాపును కలపలేదని నువ్వు గమనించే ఉంటావు. ఆ సంగతి కింద రాస్తాను, కొంచెం ఓపిక పట్టు.

కవరులో రాఖీ ఉంది. అవ్వ ఇంట్లో చీరలకు రాళ్లు అంటిస్తుంది కదా, కింద రాలినవి ఏరి నేనే చేశాను. రాఖీతో పాటు నాలుగు మాటలు రాస్తున్నానని చెప్పి బాపు ఎదురుగానే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆయన కూడబలుక్కుని చదవగలడు గానీ నా గొలుసుకట్టు రాత ఆయనకు అందదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నందుకు సిగ్గుగా ఉంది. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఉన్నది ఒక్క గది, ఒక్క ఫోన్. నీ ఫోన్ వస్తే ముందు అందుకునేది, స్పీకర్ పెట్టేది ఆయనే.

నా చదువు ఎట్లా ఉందని అడిగావు. కాలేజీ ఇంకా ఫోన్‌లోనే నడుస్తోంది. బడిలో మాకు తెలుగు చెప్పిన పద్మారాణి టీచర్ తన పాత నిఘంటువు నాకిచ్చింది. రోజూ రెండు పేజీలు చదువుతున్నాను. ఒక్కో మాట దొరికితే రోజంతా నోట్లో బెల్లంముక్కలా పెట్టుకుని తిరుగుతాను. పోయినసారి నా ఉత్తరం చదవడానికి బడి పంతులును పిలవాల్సి వచ్చిందని ఎగతాళి చేశావు. ఈసారి అట్లాంటి మాటలు రాయను. ఈ సంగతికి అవి పనికిరావు కూడా.

ఇక వడ్లమిల్లు పనికి నువ్వు కొనాలనుకుంటున్న ట్రాక్టర్ మాట. పాండేసరాలో రంగుల మిల్లులకు బొగ్గు పంపే యార్డు ఉంది కదా, అక్కడ లస్మయ్య మామ ఏళ్లుగా లోడర్, అంటే ముందు బకెట్ బిగించిన ట్రాక్టర్, నడుపుతున్నాడు. నీ ప్రశ్నలన్నీ ఆయననే అడిగాను. హార్స్‌పవర్ నలభై ఐదు, యాభై మధ్య ఉంటే వడ్లు ఎత్తడానికి చాలట. అంతకంటే ముఖ్యం బండి బరువు. బకెట్ నిండగానే బరువంతా ముందు ఇరుసు మీద పడి వెనక భాగం తేలికవుతుంది. అందుకని ముందు ఇరుసు గట్టిది కావాలి, వెనక సిమెంటు దిమ్మె కట్టాలి. లోడర్ బండి దూరం పోయేది కాదు. కుప్పకు, లారీకి మధ్య రోజంతా ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంటుంది. పవర్ స్టీరింగ్ లేకపోతే భుజాలు పడిపోతాయి. క్లచ్, బ్రేకులు తొందరగా అరుగుతాయి కాబట్టి, వాటి సామాను, బాగుచేసే మిస్త్రీ జగిత్యాలలోనే దొరికే కంపెనీది చూసుకో. పాత బండి అయితే బకెట్ నిండుగా ఎత్తించి, ఇంజన్ ఆపించి, కాసేపు నిలబడి చూడు. ఆ బకెట్ తనంతట తాను కిందికి జారుతుంటే ఆ బండి జోలికి పోవద్దు.

నువ్వు చూసి వచ్చిన రెండింటిలో ఎర్రది ఇన్నింటికీ సరిపోతుంది. నీలంది సరిపోదు.

నీ ఉత్తరంలో చివరి ప్రశ్న ఇంకా మిగిలింది. "బాపు మాట ఎందుకు మారుతుంది? బరువుదే కొనమన్నోడు ఇప్పుడు నీలందే తీస్కోమని ఎందుకు పట్టుబడుతుండు?" అని రాశావు. పోయిన నెలలో ఒక ఆదివారం జరిగింది చెప్తాను, అందులోనే దీనికి జవాబుంది.

ఆ రోజు బాపు కొత్త అంగీ వేసుకుని, తల దువ్వుకుని నాతో యార్డుకు వచ్చాడు. లస్మయ్య మామ చూసి ఊరుకుంటాడా. "ఏంది బావా, పెండ్లికొడుకు లెక్క తయారైనవ్. నా బండి లేపుకపోతవా ఏంది?" అన్నాడు. "నీ డొక్కు బండి నాకెందుకురా. జర జరుగు. సాంచలకు నిలబడీ నిలబడీ కూసునుడే మర్శిన," అన్నాడు బాపు. ఇద్దరూ నవ్వారు. సూరత్ వచ్చి ఈ మరమగ్గాల సాంచల్లో పడకముందు ఆయన ఊళ్లో కిరాయి ట్రాక్టర్ నడిపాడని మనం వినడమే కదా. ఆ రోజు నేను కళ్లతో చూశాను. తాళం తిప్పగానే ఆయన వీపు నిటారైంది. ఒక బకెట్ బొగ్గు ఎత్తి, తిప్పి, లారీలో చక్కగా కుమ్మరించాడు. రెండోది కూడా ఎత్తాడు. మూడోసారి క్లచ్ తొక్కిన కాలు వణకడం కింద నిలబడ్డ నాకు కనిపించింది. బండి ఆగిపోయింది. మామ ఎక్కి బకెట్ దించి, బాపును చంకల కింద పట్టుకుని దించాడు. పెదవులు నేరేడుపండు రంగుకు వచ్చాయి. బొగ్గు సంచుల మీద కూర్చుని ఊపిరి కోసం తన్నుకున్నాడు.

మాట వచ్చాక మొదట అన్నది ఇదీ: "లింగానికి చెప్పకు బిడ్డా. ట్రాక్టర్ అచ్చిందంటే నా పానం అదే కుదురుకుంటది."

అక్కడే నీళ్ల ట్యాంకర్ లాగే చిన్న ట్రాక్టర్ ఒకటి ఉంది, నువ్వు చూసిన నీలం బండిలాంటిదే. వద్దన్నా వినకుండా దాన్ని ఎక్కి, ఖాళీ ట్యాంకరుతో యార్డు చుట్టూ మెల్లగా ఒక తిప్పు తిప్పాడు. దాని మీద ఆయాసం రాలేదు. ఇంటికి రాగానే నీకు ఫోన్ చేసి నీలందే మంచిదన్నాడు. అప్పటి నుంచి మెట్టు కిందికి ఉండాలి, క్లచ్ మెత్తగా ఉండాలి, సీటుకు వీపు ఆనాలి, గేరు చేతికి దగ్గరగా ఉండాలి అని నాతో రాయిస్తూ వచ్చాడు. ఇవి పనికి కావలసినవి కావన్నా. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివితే నాకు బాపు ఒళ్లే కనిపించింది. ఆ ఒంటితో తాను నడపగల బండిని ఆయన వెతుక్కుంటున్నాడు.

ఇంతవరకూ దాచింది ఇప్పుడు రాస్తున్నాను. జూన్‌లో డాక్టర్ నన్నూ అవ్వనూ పక్కకు పిలిచి చెప్పాడు. కరోనా తగ్గింది గానీ ఊపిరితిత్తుల్లో కింది భాగం గట్టిపడిపోయిందట, అది మళ్లీ మునుపటిలా కాదట. దుమ్ములో పని చేయొద్దన్నాడు, బరువు పని అసలే వద్దన్నాడు. వడ్లమిల్లు అంటేనే దుమ్ము. దసరాకు బాపు వచ్చి లోడర్ నడుపుతాడు, నువ్వు మిల్లు సేటుతో మాట్లాడుకుంటావు అని మనం అనుకున్నది జరగదు. ఆయన నడపలేడన్నా. జూన్ నుంచీ "బాపు కోలుకుంటున్నాడు" అని నీకు రాసింది నేనే. కోలుకుంటున్నాడు అనే మాట ఎంత నునుపుగా ఉంటుందో, రాసేటప్పుడు చేతికి ఎక్కడా అడ్డుపడలేదు.

అవ్వ బాపుకు చెప్పొద్దనే అంటుంది. "చెప్తే మంచం పడ్తడు. రేపు ట్రాక్టర్ అనుకుంటనే ఇయ్యాల లేస్తుండు," అని నిన్న కూడా ఏడ్చింది. మొగుడి గురించి ఆమె అన్నది అబద్ధం కాదు. నేనూ అందుకే ఇన్నాళ్లు నోరు మూసుకున్నాను. కానీ నీ ప్రశ్నలు అడగడానికి ఒక్కదాన్నే పోయినప్పుడు లస్మయ్య మామ నన్ను గేటు దాకా సాగనంపుతూ ఒక మాట అన్నాడు: "చిన్నదానికి బకెట్ పెట్టి తడి వడ్లు ఎత్తితే ఎనుక చక్రాలు లేస్తయి బిడ్డా. మీ అన్న పానం మీదికి అస్తది." బాపు కోసం కొన్న బండి మీద కూర్చునేది చివరికి నువ్వే. నీకు నడపడం సరిగా రాదని, భయమని కూడా తెలుసు. వదినను, చిన్నదాన్ని తలుచుకునే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఈరోజు గడ్డం ఎందుకు గీసుకున్నాడో తర్వాత తెలిసింది. రేపు మళ్లీ యార్డుకు పోదామన్నాడు. తాను ఆ చిన్న ట్రాక్టర్ నడుపుతుంటే నేను వీడియో తీసి నీకు పంపాలట. అది చూస్తే నువ్వు ఇక ఆలోచించకుండా బయానా ఇచ్చేస్తావట. రాఖీ రోజు బండి మన వాకిట్లో ఉండాలట. చెప్తున్నప్పుడు కళ్లు ఎట్లా మెరిశాయో నాకు రాయడం రావడం లేదు. నిఘంటువులో వెతికాను కూడా.

నీలం ట్రాక్టర్ వద్దన్నా. ఎర్రదే తీసుకో. నీ కాళ్లకు, నీ భుజాలకు సరిపోతుందో లేదో చూసుకుని తీసుకో. ఒక నెల ఎవరి దగ్గరైనా నడపడం నేర్చుకో. బాపు పేరు చెప్పి మిల్లు సేటుకు ఇచ్చిన మాట కూడా నువ్వే మార్చి చెప్పాలి. ఇది నీకు ఎంత బరువో తెలుసు. పంచుకోవడానికి నేనక్కడ లేను.

రేపు పొద్దున యార్డుకని బాపుతో బయలుదేరి, దారిలో పోస్టాఫీసు తెరవగానే ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తాను. ముందు అది వేస్తేనే నేను వెనక్కి తగ్గకుండా ఉంటాను. బయటికి వచ్చాక మెట్ల మీద బాపును కూర్చోబెట్టి, నీకు ఏం రాశానో మొత్తం చెప్తాను. తిడితే పడతాను. ఏడిస్తే పక్కనే ఉంటాను. తర్వాత వస్తానంటే యార్డుకే తీసుకుపోతాను. ఈ వానలకు బొగ్గు తడిసి ఉంది, దుమ్ము లేవదు. కింది గదివాళ్లను అడిగి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తీసుకుపోయి గేటు దగ్గర వేస్తాను. లస్మయ్య మామ పెద్ద బండితో బకెట్ నిండా ఎత్తుతాడు. వెనక చక్రాలు ఎప్పుడు చూడాలో, చెయ్యి ఎక్కడ ఆపాలో బాపు కుర్చీలో కూర్చుని నీకు చెప్తాడు. వీడియో నేను తీస్తాను.

ఇట్లు,
రేపటికి ధైర్యం కూడగట్టుకుంటున్న
నీ చెల్లె
హారతి