పై షడ్జం ముందు ఊపిరి

ఏమండీ,

మీ క్లారినెట్ పగిలింది. కంగారుపడకండి, మౌత్‌పీస్ కింద ఉండే పొట్టి గొట్టం, ఆ బ్యారెల్ మాత్రమే. మీరు పోయాక పెట్టెలోనే ఎండిపోయిన కర్ర కదా, మన మనవరాలు సుజాత తీసి వాయించగానే బీటవారింది. ఎల్లుండి మీరు పాఠాలు చెప్పిన క్యాంపస్‌లోనే దాని కచేరీ. దాన్ని వెంటబెట్టుకుని తార్నాక నుంచి ముషీరాబాద్‌లోని రిపేరు దుకాణం దాకా బస్సులో నేను స్థిమితంగా కూర్చోలేదు.

బాగుచేసే ఆయన రెండు కొత్త బ్యారెళ్లు ముందు పెట్టాడు.

"ఎబొనైట్‌ది ఎండకు పగలదమ్మా. కట్టెది మళ్ల పగుల్తదేమో. మీ మర్జీ."

"కర్రదే," అన్నాను. ఎబొనైట్ అంటే గట్టి రబ్బరే కదా, అందులోంచి మీ నాదం ఎలా వస్తుంది?

"వినకుండానే తీర్పా అవ్వా?" అంది సుజాత.

సరేనని గోడ వైపు తిరిగి నిలబడ్డాను. మీ మోహనమే రెండుసార్లు వాయించింది. రెండోసారి ఒళ్లు ఝల్లుమంది.

"ఇదే! మీ తాత వాయించినట్టే ఉంది," అన్నాను.

తిరిగి చూస్తే ఎబొనైట్.

నమ్మలేక రెండింటితోనూ మళ్లీ వాయించమన్నాను. అప్పుడు తెలిసింది. కర్రదైతే ఇదీ పగులుతుందేమోనని బెదురుతూ ఊదుతోంది. ఎబొనైట్‌తో ఆ బెదురు లేదు. పై షడ్జానికి వెళ్లేముందు అచ్చం మీలాగే గబుక్కున ఊపిరి తీసుకుంటోంది.

ఎబొనైట్‌దే బిగించమన్నాను.

ఇప్పుడు ఇంట్లో సాధన చేస్తోంది. నేను వరండాలోకీ గదిలోకీ తిరుగుతున్నాను. పై షడ్జం ముందు ఊపిరి తీసుకోకండని పెళ్లయిన నాటి నుంచీ మీతో పోరాడాను. దాన్ని మాత్రం ఇంతవరకు ఒక్క మాటా అనలేదు.

మీ
కామాక్షి