మన ప్లాట్లలో నీళ్లు

మెట్టుగూడ,
శుక్రవారం.

జగదాంబ పిన్నికి,

ఫోన్ చేస్తే బాబాయి స్పీకర్‌లో పెడతాడని ఈ ఉత్తరం చెల్లి రజిత చేతికిచ్చి పంపుతున్నాను. సోమవారం ప్లాటు రిజిస్ట్రేషన్‌కు వెళ్లకు.

స్థలం కొనే ముందు చుట్టుపక్కల వాళ్లను అడగాలని నేను చదివిన ప్రతి పుస్తకంలోనూ ఉంది. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు బెరుకు. అందుకే కాగితాలు మాత్రం మూడుసార్లు చదివి, అంతా బాగుందని నీకు చెప్పాను. నిన్న వాన వెలిశాక అల్వాల్ దాటి ఒక్కదాన్నే వెళ్లి చూశాను. మన ప్లాట్ల హద్దురాళ్లు సగం మునిగి ఉన్నాయి. అక్కడ గేదెలు కాస్తున్న ఒకావిడ నన్ను చూసి నవ్వింది.

"ఏం బిడ్డా, ప్లాటు కొన్నవా, చేపలు పట్టనీకొచ్చినవా? గిది చెరువు జాగ. మొన్న గా పక్క ఇండ్లు సర్కారోళ్లు కూలగొట్టిన్రు, చూడలే?"

"మాకు కాగితాలున్నాయండీ" అన్నాను.

"గా ఇండ్లోళ్లకు సుత ఉండె."

నీ పీఎఫ్ అంతా నా మాట నమ్మే ఇందులో పెడుతున్నావు. బాబాయి కోప్పడితే తప్పు నాదేనని చెప్పు, సంతకం మాత్రం పెట్టకు.

నా ప్లాటుకు నేను పోయిన నెలే సంతకం పెట్టేశాను. నాన్నకు ఇంకా చెప్పలేదు.

నీ అక్క కూతురు