పత్తి అయ్యాక పన్ను

మర్రిగూడ, 21 అక్టోబర్ 2018

ప్రియమైన బావకు,

ఫోన్ చేస్తే అత్తమ్మ స్పీకర్ పెట్టి వింటుంది. అందుకే మీ కంపెనీ డానియల్ అన్న చేతికి ఈ ఉత్తరం ఇచ్చాను. కుడివైపు దవడ పన్నుకు చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోంది. నాలుకకు చిన్న గుంట తగులుతోంది. నల్లగొండలో పండ్ల డాక్టరుకు చూపించుకోనా? నువ్వు ఒక్క మాట చెప్తే అత్తమ్మ పంపిస్తుంది. నువ్వు లేక ఇల్లు బోసిగా ఉంది.

నీ గ్రేస్

షాద్‌నగర్, 28 అక్టోబర్

ప్రియమైన గ్రేసుకు,

చదివి నవ్వుకున్నాను. మర్రిగూడ నీళ్లు తాగినవాళ్లలో ఎవరి పండ్లు బాగున్నాయే? అది పుచ్చు కాదు, మన బోరు నీళ్ల ఫ్లోరైడు గార. గోరంతలు కొండంతలు చెయ్యకు, లవంగం పెట్టుకో. పత్తి ఏరడం అయ్యాక చూద్దాం. కూలీలు దొరకని రోజుల్లో నువ్వూ మంచమెక్కితే అమ్మ ఒక్కతే ఏం చేస్తుంది?

నీ విజేందర్

మర్రిగూడ, 4 నవంబర్

ప్రియమైన బావా,

ఇప్పుడు వేడి చాయ్ కూడా తాగలేకపోతున్నాను. మింగాక కూడా గంటసేపు సలుపుతోంది. ఆశా వర్కర్ గ్లోరీ లైటు వేసి చూసింది. "మరక నొయ్యది వదినా, పుచ్చే నొస్తది. సలుపు ఆగుతలేదంటే నరం దాక పోయినట్టే. రేపే పో" అంది. అత్తమ్మేమో "నా కొడుకు చెప్పంది గడప దాటుతవా?" అంటోంది. దండం పెడతాను, ఒక్క ఫోన్ చెయ్యి.

నీ గ్రేస్

షాద్‌నగర్, 11 నవంబర్

గ్రేసుకు,

గ్లోరీ డాక్టరెప్పుడైంది? ఊరంతా అవే పండ్లతో మక్క గుడాలు నములుతున్నారు. పొగాకు పెట్టి అదుముకో. ఇంకా రెండెకరాల పత్తి మిగిలిందని అమ్మ చెప్పింది. ముందు అది చూడు.

విజేందర్

నల్లగొండ దవాఖాన, 25 నవంబర్

బావా,

దవడ మెడదాకా వాచి, ఊపిరాడక చేనులో పడిపోతే గ్లోరీయే ఆటోలో తెచ్చింది. మెడ కింద కోసి చీము తీశారు. మూడు పండ్లు పోయాయి. నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు.

మొన్న నువ్వొచ్చి డాక్టరు ముందు ఏడ్చావు. "జర ముందుగాల చెప్తే తీస్కరాకపోదునా సార్" అన్నావు. నోట్లో గుడ్డ ఉండి నేనేమీ అనలేకపోయాను. ఆయన నన్నే తిట్టాడు. నువ్వు తలూపావు.

నువ్వు మరిచిపోయిన సంచీలో తువ్వాల కోసం చూస్తే పండ్ల దవాఖాన చీటీ దొరికింది. ఇంగ్లీషులో ఉంటే నర్సమ్మతో చదివించుకున్నాను. విజేందర్, షాద్‌నగర్, అక్టోబర్ 9. చల్లనీళ్లకు జివ్వుమంటోంది. చిన్న పుచ్చు. అదే రోజు నింపారు. అంటే నేను మొదటి ఉత్తరం రాయకముందే! నువ్వూ మర్రిగూడ నీళ్లే తాగి పెరిగావు కదా బావా?

నీ ఉత్తరాలు మన ఇంటి నుంచి గ్లోరీ తెచ్చిచ్చింది. వాటినీ ఆ చీటీనీ డాక్టరు చేతిలో పెట్టాను. నయమయ్యాక తిరుమలగిరిలో అమ్మ దగ్గరికి పోతాను. నీ మొహం చూడాలంటేనే అసహ్యంగా ఉంది. ఇక్కడికి రాకు. ఆ రెండెకరాల పత్తి ఇంకా చెట్టు మీదే ఉందట, పోయి ఏరుకో.

గ్రేస్