వాన మరకలు చెరిపిన ఫొటో

రమణన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ ఫ్లెక్సీ నా స్టూడియోలోనే తయారైంది. చెబుతుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

తుఫాను రోజు, వాన అప్పుడే మొదలవుతుండగా, సముద్రపొడ్డు పట్టపుపాళెం ముసలివాళ్లను నువ్వు వీపున మోసుకొచ్చి బడిలో దించి బయటికొస్తుంటే నేను తీసిన ఫొటో అది. నీ నీలం చొక్కా భుజాల దగ్గర తడిసి నల్లబడింది. ఛాతీ మీదంతా చినుకుల మచ్చలు. ఆ వెంటనే మళ్లీ వెళ్లావు, తిరిగి రాలేదు.

ఆ రోజు కారు అద్దం కూడా దించని మన ఊరి నాయకుడు నిన్న వచ్చాడు. ఫ్లెక్సీలో నీ పక్కన తన ఫొటో పెట్టమన్నాడు.

"ఆ వాన మరకలు తీసెయ్ అబ్బయా. పక్కన నేనుండాను గదా, అసయ్యంగా కనపడతాది."

కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో చినుకునూ చెరిపాను. తడిసినచోట పొడిబట్ట రంగు అద్దాను. గంటలో నువ్వు పెళ్లికి బయల్దేరినవాడిలా తయారయ్యావు. "బాగుండాది" అని ఆయన నా భుజం తడితే ఫైలు ప్రింటుకి పంపాను.

ఈ ఉదయం సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. సుజాత వదిన దాని కింద చాలాసేపు నిలబడింది.

"నువ్వే చేసినావా శీనా?"

తలూపాను.

"అయితే ఆ రోజు మీ అన్న తడవనే లేదా?"

నిచ్చెన తెచ్చి, అందరూ చూస్తుండగానే దాన్ని దించేశాను. నాయకుడు ఏమంటాడో అననీ. నేను తీసిన ఫొటో తీసినట్టే ఇప్పుడు ప్రింటవుతోంది. అందులో నువ్వొక్కడివే ఉన్నావు.

నీ శీను