పల్లిచెక్క తిన్న కుందేళ్లు

మంగళవారం, తిరుమలగిరి

గొర్లు కాసినోళ్లం గదా, తొందరగ బరువొస్తయని పొట్టేలును మేపినట్టే కుందేలు పిల్లలకు నూనె తీసిన పల్లిచెక్క దండిగ పెట్టిన. ఇయ్యాల సూస్తే పారుడు రోగం పట్టి పదకొండు సచ్చిపడి ఉన్నయ్! "ప్రోటీన్ ఎక్కువైంది, పీచు తక్కువైంది" అన్నడు పశువుల డాక్టరు.

పక్క గూట్లె నా భార్య యాదమ్మ గడ్డి, జరంత దాణా పెట్టి సాకినయి మాత్రం ఎగురుతున్నయ్.

"గడ్డికి పైస ఖర్సు లేకపాయె, గిదే నయముండె" అన్న.

"ఖర్సు లేదా? రోజూ కోడికూతకే లేసి చెలకల పొంటి కోసుకొస్తున్న గదా, మరి నా కూలి?" అన్నది.

కుందేలుకు ఏ పూట ఎంత పెట్టాల్నో గోడకు రాసి పెట్టుకున్న. యాదమ్మ పొద్దుగాల ఏం తిని గడ్డికి పోతదో మాత్రం నాకు తెల్వదు.