మాస్టారిని ఆపేసేను

రాజోలు, శుక్రవారం రాత్రి

నన్ను మొదటిసారి డ్రమ్స్ ముందు కూర్చోబెట్టి జాజ్ నేర్పిన మాస్టారిని ఇవాళ రికార్డింగ్ మధ్యలో ఆపేసేను. నా మొదటి ఆల్బమ్‌లో శాక్సోఫోన్ వాయించమని బతిమాలి పిలిచిందీ నేనే.

'రేవు' పాట చివర కాసేపు ఎవరూ వాయించకూడదని రాసుకున్నాను. ఏరు దాటించే పంటు వెళ్ళిపోయేక రేవులో మిగిలే నిశ్శబ్దం అది. మాస్టారు ప్రతిసారీ అందులోకి ఊదుకుంటూ వచ్చేస్తున్నారు.

"అక్కడ ఆపేయాలండి, మాస్టారూ."

"నేను కూడానా?"

"ఆయ్, మీరు కూడానండి."

పియానో దగ్గర రాజు తలొంచుకున్నాడు. మాస్టారు లేచి బయటికెళ్ళిపోయేరు. ఆయన లేకపోతే ఈ ఆల్బమే లేదు. అయినా వెనక్కి పిలవలేకపోయేను.

కాసేపటికి ఆయనే వచ్చేరు. "మొదలెట్టమ్మా" అన్నారు. ఈసారి సరిగ్గా అక్కడే ఆపేరు. పాట నేను అనుకున్నట్టే వచ్చింది. తర్వాత భోజనానికి ఆగకుండా, నావైపు చూడకుండా ఆటో ఎక్కేసేరు.

ఇంకా రెండు పాటలున్నాయి. రేపొస్తారో, రారో. ఫోన్ చెయ్యాలనుంది. చేస్తే ఏడ్చేసి, మీ ఇష్టమొచ్చినట్టే వాయించండి అనేస్తాను. అందుకే చెయ్యట్లేదు...